విశేషాల పేజీలో విశేషణాల గోల!

జైపూర్ అనగానే గులాబీ రంగు కోటలు కళ్లముందు కదిలాయా? అయితే మీరు రైలు తప్పెక్కారు! మన జైపూర్ మంచిర్యాల జిల్లాలో ఉంది. ఇక్కడ చెలామణీ అయ్యే రంగు ఒక్కటే, బొగ్గు నలుపు. ఇక్కడి సింగరేణి థర్మల్ కేంద్రం 600 మెగావాట్ల యూనిట్లు రెండు నడుపుతుంది, మొత్తం 1200. ఈ వారం అంత కరెంటూ ఇంగ్లిష్ క్రియలకు తగిలే ఒక బుల్లి తోక మీదికి మళ్లిస్తున్నాం. తోక పేరు ‘ఇంగ్’!

మీకు తెలుసా? సింగరేణిని ఇంగ్లిష్‌లో రాస్తే ‘ఎస్’ దాటగానే ‘ఐ, ఎన్, జీ’ వరసగా వచ్చేస్తాయి. 1886లో ఇంగ్లండ్‌లో నమోదైనప్పుడు ఈ కంపెనీ పేరు హైదరాబాద్ (దక్కన్) కంపెనీ. ఆ పేరులో ‘ఇంగ్’ ఎక్కడుందో వెతకండి. లేదు! 1920లో సింగరేణి కాలరీస్‌గా పేరు మారాకే దొరికింది. తోక కోసం 34 ఏళ్ల నిరీక్షణ. తీరా వచ్చి మెడకు చుట్టుకుంది!

మీకు తెలుసా? ‘నాకు ఇంగ్లిష్ రాదు బిడ్డా’ అంటూనే బాయి (బొగ్గు గని) పని చేసే మనిషి రోజుకు డజను జెరండ్లు వాడేస్తాడు. డ్రిల్లింగ్, బ్లాస్టింగ్, లోడింగ్, డిపిల్లరింగ్, మ్యాన్‌రైడింగ్. తవ్విన ఖాళీని గోదావరి ఇసుకతో నింపితే స్టోయింగ్. ‘బ్లాస్టింగ్ అయిందా కాకా?’ అని అడిగితే వాక్యం తెలుగు, కర్త ఇంగ్లిష్ జెరండ్. క్రియ నామవాచకం వేషం కట్టడమే జెరండ్ అని బడిలో వారం రోజులు చెబుతారు. బాయిలో క్యాప్‌ల్యాంప్‌తో పాటే ఇచ్చేస్తారు!

మీకు తెలుసా? మన జెరండ్ ఊరు దాటితే బట్టలు మార్చుకుంటుంది. పుస్తకంలో ‘చదువుట’, పేపర్లో ‘చదవడం’, కోస్తాలో ‘చదవటం’, జైపూర్ బస్టాండ్‌లో ‘చదువుడు’. తినుడు, పండుడు, ఉరుకుడు. ఇంకా గట్టిగా చెప్పాలంటే ‘ఉరుకుడే ఉరుకుడు’. దీన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చినవారికి నా టీ డబ్బులు బహుమానం!

మీకు తెలుసా? ఇంగ్లిష్‌లో ‘ఇంగ్’ ఒక్కటి కాదు, ఇద్దరి జాయింట్ అకౌంట్. పాత ఇంగ్లిష్‌లో ‘చేయడం’ అనేదానికి తోక ‘ఉంగ్’ లేదా ‘ఇంగ్’. ‘చేస్తున్న’ అనేదానికి తోక వేరే, ‘ఎండె’. శతాబ్దాలు గడిచేసరికి రెండూ అరిగి ఒకే ‘ఇంగ్’లో కలిసిపోయాయి. రెండు బాయిలు కలిపి ఒకే మస్టర్ (హాజరు పట్టీ) పెట్టినట్టు!

ఇప్పుడు అసలు ఆటలోకి. ఇంగ్లిష్ విశేషణం చాలాసార్లు ఒంటరిగా రాదు. పక్కన ఒక ప్రిపొజిషన్‌ను వెంటేసుకుని వస్తుంది. ఆ ప్రిపొజిషన్ వెనక క్రియ నిలబడాలంటే ‘ఇంగ్’ తొడుక్కోవాల్సిందే. ‘గుడ్ ఎట్ స్విమ్మింగ్’, ‘అఫ్రెయిడ్ ఆఫ్ ఫాలింగ్’, ‘ఇంట్రెస్టెడ్ ఇన్ లెర్నింగ్’. హెల్మెట్ లేకుండా బాయిలోకి రానిస్తారా? ఇదీ అంతే!

మీకు తెలుసా? ఎవరి పక్కన ఎవరు నిలబడాలో చెప్పే తర్కం పెద్దగా లేదు. ‘గుడ్’కు ‘ఎట్’ ఎందుకు, ‘ఫాండ్’కు ‘ఆఫ్’ ఎందుకు? అడగకూడదు. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లు!

మీకు తెలుసా? ‘గుడ్ ఇన్ మ్యాథ్స్’ అని మనం ఎందుకంటామో ఆధారం మన నోట్లోనే ఉంది. ‘లెక్కల్లో దిట్ట’. ఆ ‘లో’ నేరుగా వెళ్లి ‘ఇన్’ అయి కూర్చుంది. ‘యాంగ్రీ ఆన్ మీ’ కూడా అంతే. మనకు కోపం ఎప్పుడూ ఎవరో ఒకరి ‘మీద’ ఉంటుంది కదా. ఇంగ్లిష్‌వాళ్ల కోపం మాత్రం ‘విత్’. అంటే తిట్టేటప్పుడు కూడా కలిసే ఉంటారు!

మీకు తెలుసా? ఈ పేజీలోని ఇంగ్లిష్ విశేషణాల్లో చాలావాటికి తెలుగులో విశేషణమే ఉండదు! భయం, ఇష్టం, కోపం, విసుగు, అలవాటు. అన్నీ నామవాచకాలే. ఇంగ్లిష్‌వాడు ‘నేను భయపడి ఉన్నాను’ అన్నట్టు మనిషినే మార్చేస్తాడు. మనకు మనిషి మనిషిలాగే ఉంటాడు. భయం చుట్టంలా వస్తుంది, కాసేపుండి పోతుంది. ‘నాకు భయం’, ‘నాకు ఇష్టం’, ‘నాకు విసుగు’. మనం అడ్రసు మాత్రమే. పార్సిల్ వేరొకటి!

మీకు తెలుసా? ‘అఫ్రెయిడ్ ఆఫ్’లోని ‘ఆఫ్’కు తెలుగులో మనం వాడేది విభక్తి కానే కాదు, ఒక క్రియ. ‘బాయిల దిగుడంటే భయం’. విడదీసి చూడండి. దిగుడు అంటే భయం, అంటే ‘దిగుడు’ అని అన్నా చాలు, భయమే. ఇంకా దిగనే లేదు, మాట వినబడింది, అంతే! ‘టీ అంటే ప్రాణం’, ‘నైట్ షిఫ్ట్ అంటే చిరాకు’. వింటేనే ఇంత, చేస్తే ఇంకెంత!

మీకు తెలుసా? భయానికి పక్కన ఏం నిలబడాలో పాణిని రెండువేల ఏళ్లకు ముందే తేల్చేశాడు. అష్టాధ్యాయి మొదటి అధ్యాయం, నాలుగో పాదం, ఇరవై అయిదో సూత్రం. దేన్ని చూసి భయమో దానికి పంచమీ విభక్తి. అందుకే మన వ్యాకరణాల్లో పంచమికి ‘వలన’ పెట్టి, ఉదాహరణ కోసం దొంగను పిలుస్తారు. దొంగ వలన భయం. పాపం, ఇన్ని తరాలుగా ఆ దొంగ వ్యాకరణంలోనే ఖైదు!

మీకు తెలుసా? ఒక ‘ఇంగ్’ జారిపోతే మీరు రిటైరైపోవచ్చు! ‘ఐ యూజ్డ్ టు వర్క్ అండర్‌గ్రౌండ్’ అంటే ఒకప్పుడు బాయిలో చేసేవాణ్ని, ఇప్పుడు మానేశాను. ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ అండర్‌గ్రౌండ్’ అంటే బాయి పని నాకు అలవాటే, ఫికర్ లేదు. మొదటి వాక్యంలో ‘టు’ క్రియ ముందుండే ఉత్త గుర్తు. రెండో వాక్యంలో అది అసలైన ప్రిపొజిషన్, కాబట్టి ‘ఇంగ్’ తప్పదు. ఒకే అక్షరాలు, ఒకే పలుకు, రెండు ఉద్యోగాలు. సింగరేణిలో రిటైర్‌మెంట్ వయసు 61. తాత నోట ‘యామ్’, ‘ఇంగ్’ రెండూ పొరపాటున దొర్లాయా, మళ్లీ మస్టర్ పడ్డట్టే!

ఇంకో ముక్క. ఇదే ‘ఇంగ్’ ఒకప్పుడు తప్పనిసరి కాదు. ‘అకస్టమ్డ్ టు’ తర్వాత పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ పెద్దమనుషులు ‘ఇంగ్’ లేని క్రియను దర్జాగా రాశారు. ఈరోజు మన పిల్లవాడు అలాగే రాస్తే అర మార్కు కట్. వందేళ్లు ఆలస్యంగా పుట్టినందుకు జరిమానా!

మీకు తెలుసా? షిఫ్ట్ దిగిన మనిషి ‘టైర్డ్ ఫ్రమ్ వర్కింగ్’ అంటే ఒళ్లు అలిసింది. స్నానం, అన్నం, నిద్ర చాలు. అదే మనిషి ‘టైర్డ్ ఆఫ్ వర్కింగ్’ అన్నాడనుకోండి. విసుగొచ్చిందని అర్థం. దానికి వారపు సెలవు ఒక్కటీ సరిపోదు!

మీకు తెలుసా? ఎన్నికల్లో అభ్యర్థి ‘ష్యూర్ ఆఫ్ విన్నింగ్’ అంటే గెలుస్తానని నమ్మేది ఆయన. ‘ష్యూర్ టు విన్’ అంటే ఆయన గెలుస్తాడని నమ్మేది ఆ మాట అన్నవాళ్లు. డిపాజిట్ పోయిన వాళ్లందరూ మొదటి రకమే!

మీకు తెలుసా? ‘రెస్పాన్సిబుల్ ఫర్’ వేరు, ‘రెస్పాన్సిబుల్ టు’ వేరు. పని ఉంటే ‘ఫర్’, పైవాడు ఉంటే ‘టు’. మైనింగ్ సర్దార్ తన డిస్ట్రిక్ట్ చూసుకోవడానికి ‘ఫర్’, ఓవర్‌మన్‌కు ‘టు’. తెలుగులో రెండింటికీ ‘కు’ ఒక్కటే దిక్కు. అన్నట్టు, బాయిలో డిస్ట్రిక్ట్ అంటే కంగారు పడకండి. అది భూమి లోపల ఒక పని ప్రాంతం. కలెక్టర్ లేని జిల్లా!

మీకు తెలుసా? ‘వర్త్’ అనే విశేషణానికి ప్రిపొజిషన్ అక్కర్లేదు. ‘వర్త్ సీయింగ్’. నేరుగా ‘ఇంగ్’ను ఎక్కించుకుంటుంది. ‘బిజీ’ కూడా అంతే, ‘బిజీ కుకింగ్’. ఊరంతా టికెట్ కొంటుంటే ఈ ఇద్దరూ పాస్ చూపించి ఎక్కేస్తారు!

మీకు తెలుసా? ‘డిఫరెంట్’కు ఏకంగా మూడు సంబంధాలు. ‘ఫ్రమ్’ అందరికీ ఓకే. ‘టు’ బ్రిటన్‌లో వినబడుతుంది, ‘దన్’ అమెరికాలో. తేడా అనే మాట దగ్గరే తేడాలొచ్చాయి!

మీకు తెలుసా? ఏ మాట పక్కన ఏ మాట రావాలో విదేశీ విద్యార్థులకు చెప్పే ఓ పేరున్న ఇంగ్లిష్ డిక్షనరీ మొదట ఎక్కడ అచ్చయింది? లండన్ అన్నారా? సున్నా! టోక్యో. ఏడాది 1942. బ్రిటన్, జపాన్ నిలువునా యుద్ధంలో ఉన్న ఏడాది. జపాన్‌లో పాఠాలు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ ఇద్దరు తోటివాళ్లతో కలిసి దాన్ని తయారుచేశాడు. 1948లో ఆక్స్‌ఫర్డ్ మళ్లీ వేసింది. ఈరోజు మీ ఇంట్లో ఉన్న ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని మనవడే. శత్రుదేశంలో పుట్టి సొంతూళ్లో పేరు తెచ్చుకుంది!

మీకు తెలుసా? మన తండ్రుల తరాన్ని గడగడలాడించిన ‘రెన్ అండ్ మార్టిన్’ గ్రామర్ పుస్తకంలోని రెన్ దొర నవలాకారుడు. 1924లో ‘బో జెస్ట్’ రాశాడు. ఎడారి, ఫ్రెంచి విదేశీ దళం, నీలమణి దొంగతనం! హాలీవుడ్ దాన్ని సినిమాగా తీసింది, ఒక్కసారితో ఆశ తీరక మళ్లీ తీసింది. ఖాళీలు పూరించమన్న మనిషే కత్తులూ తుపాకులూ పూరించాడు. బడిలో ఆ నవల పెట్టి ఉంటే మనం ఎప్పుడో పాసయ్యేవాళ్లం!

మీకు తెలుసా? ఇంగ్లిష్ చెప్పే పంతుళ్లకు ఇంగ్లిష్ చెప్పే బడి మన హైదరాబాద్‌లోనే 1958లో పెట్టారు. ఇప్పుడది ఇఫ్లూ, కేంద్రీయ విశ్వవిద్యాలయం. అంటే దేశం ప్రిపొజిషన్లను మరమ్మతు చేసే సెంట్రల్ వర్క్‌షాప్ మన దగ్గరే ఉంది!

మీకు తెలుసా? ‘అఫ్రెయిడ్’ విశేషణమే గానీ నామవాచకం ముందు కూర్చోదు. ‘అఫ్రెయిడ్ మ్యాన్’ అనకూడదు. ‘అస్లీప్’, ‘అవేక్’, ‘అలైవ్’ కూడా ఇదే గుంపు. పేరే భయం కదా, ముందు నిలబడాలంటే భయం. ఎప్పుడూ వెనకే!

మీకు తెలుసా? ‘ఫాండ్ ఆఫ్’ అంటే ఇప్పుడు ఇష్టం. పూర్వం ‘ఫాండ్’ అంటే అర్థం తెలివితక్కువ! తలకు మించిన ఇష్టం మనిషిని వెర్రివాణ్ని చేస్తుందని అనుకున్నారో ఏమో, మెల్లగా వెర్రి పోయి ఇష్టం మిగిలింది. ఈ పేజీ ఇక్కడిదాకా చదివారంటే మీరు ‘ఫాండ్ ఆఫ్ రీడింగ్’. పాత అర్థంలోనా, కొత్త అర్థంలోనా అన్నది ఇంట్లోవాళ్లను అడగండి!