వార్తల్లో పదం: ఈవీ రూట్ ప్లానింగ్

విద్యుత్ కారులో దూర ప్రయాణానికి ఏ దారిన వెళ్లాలి, ఎక్కడ ఆగాలి, ఎంతసేపు చార్జింగ్ పెట్టాలి అన్నది ముందే లెక్కగట్టడమే ఈవీ రూట్ ప్లానింగ్. స్వీడన్‌లో పుట్టిన ‘ఎ బెటర్ రూట్ ప్లానర్’ ఇలాంటి యాపే. అమెరికా ఈవీ సంస్థ రివియన్ 2023లో దాన్ని కొనుగోలు చేసింది.

మామూలు మ్యాప్ దూరాన్ని, ట్రాఫిక్‌ను చూస్తుంది. ఇక్కడ బ్యాటరీలో మిగిలిన చార్జ్, వేగం, ఎత్తుపల్లాలు, వాతావరణం, ఏసీ వాడకం కూడా లెక్కలోకి వస్తాయి. విశాఖ నుంచి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు చార్జ్ త్వరగా తగ్గుతుంది. దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి కొంత వెనక్కిస్తుంది. ఇలా ఖర్చు ‘మైనస్’లోకి వెళ్లే చోట్లుంటాయి కాబట్టి, డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన దగ్గరి దారి పద్ధతిని ఉన్నదున్నట్టు వాడలేరు.

అసలు కిటుకు చార్జింగ్ సమయంలో ఉంది. ఫాస్ట్ చార్జర్ సాధారణంగా 80 శాతం దాకా చకచకా నింపి, ఆపై నెమ్మదిస్తుంది. హైదరాబాద్ నుంచి విశాఖ సుమారు 620 కి.మీ. కారు ఫుల్ చార్జ్‌తో 300 కి.మీ. నడుస్తుందనుకుందాం. విజయవాడలో 100 శాతం నింపినా విశాఖ చేరదు, మళ్లీ ఆగక తప్పదు. అందుకే విజయవాడలో, రాజమహేంద్రవరంలో 80 శాతం చొప్పున నింపుకొంటే సమయం కలిసొస్తుంది.

యాప్ చెప్పినా, చార్జర్ పనిచేస్తోందో లేదో బయల్దేరే ముందే చూసుకోండి. దగ్గర్లో ఇంకో చార్జర్ ఉన్న చోటే ఆగండి.