విమానాల రొద మళ్లీ ఇంట్లోకి వస్తోందా?

బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో శంషాబాద్‌కు తరలిపోయాయి. అయినా సికింద్రాబాద్ ఆకాశం పూర్తిగా సద్దుమణగలేదు. బేగంపేటలో ప్రముఖుల విమానాలు, హెలికాప్టర్లు దిగుతూనే ఉంటాయి. రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా ప్రదర్శన ఉండనే ఉంది. అటు హకీంపేటలో వైమానిక దళం శిక్షణ. అల్వాల్, బొల్లారం, బోయిన్‌పల్లి, రసూల్‌పురా వాసులకు ఈ చప్పుళ్లు కొత్తేమీ కాదు. అందుకే చాలామంది బోలెడు డబ్బు పోసి జంట అద్దాల కిటికీలు పెట్టించుకున్నారు. కొన్నేళ్లు హాయిగానే గడిచింది. ఇప్పుడు మళ్లీ ఫోన్ మాట్లాడుతుంటే మధ్యలో ఆగాల్సి వస్తోందా? కిటికీలన్నీ మార్చేయాలని తొందరపడకండి. చాలా ఇళ్లలో పాడయ్యేది అద్దం కాదు, దాని చుట్టూ ఉండే రబ్బరు పట్టీ.

'అలవాటైపోయిందిలే' అని వదిలేసే విషయం మాత్రం కాదిది. అలవాటయ్యేది మనసుకే, ఒంటికి కాదు. హీత్రూ సహా ఐరోపాలోని కొన్ని విమానాశ్రయాల దగ్గర చేసిన హైనా అధ్యయనంలో, నిద్రలో ఉన్నవారికి మెలకువ రాకపోయినా విమానం వెళ్లిన సమయంలో రక్తపోటు పెరగటం కనిపించింది. ఇక పిల్లల సంగతికొస్తే, జర్మనీలోని మ్యూనిక్ కథ మన బేగంపేట వాసులు తప్పక తెలుసుకోవాల్సింది. అక్కడ 1992లో పాత విమానాశ్రయాన్ని మూసి, వేరేచోట కొత్తది తెరిచారు. పాతదాని చుట్టుపక్కల పిల్లల్లో చదివే నైపుణ్యం, జ్ఞాపకశక్తి మెరుగుపడగా, కొత్తదాని చుట్టుపక్కల పిల్లల్లో అవే తగ్గాయి. రాత్రిపూట విమానాల శబ్దం సగటున 40 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2018లో సూచించింది. మన నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్.

ముందు లోపం ఎక్కడుందో పట్టుకోండి. శబ్దం కూడా నీళ్లలాంటిదే. చిన్న సందు చాలు, దూరిపోతుంది. గోడ ఎంత మందంగా ఉన్నా, అందులో నూటికి ఒక వంతు తెరిచి ఉంటే దాదాపు 20 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు. ఫ్యాన్ ఆపేసి, కర్టెన్లు పక్కకు తీసి, వెలిగించిన అగరుబత్తిని మూసిన కిటికీ అంచుల వెంట నెమ్మదిగా తిప్పండి. పొగ ఊగిన చోటల్లా సందు ఉన్నట్టే. ఇంకో పద్ధతి- కిటికీ రెక్కకూ ఫ్రేముకూ మధ్య కాగితం ముక్క పెట్టి మూసి, లాగి చూడండి. సులువుగా వచ్చేస్తే అక్కడ పట్టు సడలిందన్నమాట.

యూపీవీసీ కిటికీల రబ్బరు పట్టీలు మన ఎండలకు గట్టిపడి, మూలల్లో కుంచించుకుపోతాయి. పట్టీ ఒక్కటే మార్పించుకోవచ్చు. పాత ముక్కను చిన్నది కోసి తీసుకెళ్తే కొలత తప్పదు. తలుపులా తెరుచుకునే రకమైతే లాక్ పాయింట్లను కొద్దిగా తిప్పి బిగింపు పెంచే వీలు చాలావాటికి ఉంటుంది. కిటికీ బిగించినవాళ్లను అడగండి. జరిపే కిటికీలతోనే చిక్కంతా. వాటిలో ఉండే బ్రష్ పట్టీ అరిగిపోతుంది, కొత్తది వేసినా పూర్తిగా మూసుకోదు. విమానాల దారిలో ఉన్న పడగ్గదికి జరిపే కిటికీ సరైన ఎంపిక కాదు. దాన్ని పీకేయకుండా లోపలివైపు, వీలైతే 10 సెంటీమీటర్ల ఖాళీ వదిలి, గట్టిగా మూసుకునే రెండో కిటికీ పెట్టించుకోవటం మేలు. కింది పట్టాలో నీళ్లు పోయే రంధ్రాలను మాత్రం మూయొద్దు, వాన నీళ్లు ఇంట్లోకొస్తాయి.

జంట అద్దాల మధ్య మసకగా ఉంటే అంచు సీలు పోయినట్టు. దానివల్ల చప్పుడులో తేడా స్వల్పమే. ఎలాగూ మార్చాలనుకుంటే రెండింటిలో ఒకటి లామినేటెడ్ అద్దం, రెండూ వేర్వేరు మందాల్లో ఉండేలా వేయించండి.

ఫ్రేముకూ గోడకూ మధ్య పగిలిన సిలికాన్‌ను పూర్తిగా గీకి, ఆరిన గోడకే కొత్తది పూయాలి. పాతదాని మీదే పూస్తే నిలవదు. ఏసీ పైపు కోసం కొట్టిన రంధ్రం, తలుపు కింది సందు, పాత బంగళాల వెంటిలేటర్లు కూడా చూసుకోండి. గోడకు ఫోము పలకలు, గుడ్ల ట్రేలు అతికించటం డబ్బు దండగ. అవి గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తాయేమో గానీ బయటి రొదను ఆపవు.

ఒక హెచ్చరిక. సందులన్నీ మూశాక గాలి ఎటునుంచి వస్తుంది? మామూలు స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది, బయటి గాలిని తేదు. రొద లేని వేళల్లో రోజూ కిటికీలు తెరవండి. వంటింటి ఎగ్జాస్ట్‌నూ, బాత్రూమ్ వెంటిలేటర్‌నూ ఎట్టి పరిస్థితుల్లో మూయకండి. బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే వాసన తెలియని కార్బన్ మోనాక్సైడ్ పోగై ప్రాణం మీదికొస్తుంది. గీజర్‌ను గాలి ఆడే బాల్కనీలోకి మార్పించాకే మిగతా సందుల పని మొదలుపెట్టండి.