తడి మడి, పొడి మడి: వరద లెక్క

ఎండిన మడికి నీరు పెట్టునపుడు, నీటి యంచు మెల్లగా పొడినేలపై ప్రాకుచు పోవుటను మీరు నిత్యము చూచుచునే యున్నారు. నదుల వరదను కంప్యూటరుతో లెక్కించువారికి ఈ యంచే మిక్కిలి చిక్కైనది. ఏ యిల్లు మునుగును, ఏది మునుగదు అను నిర్ణయము దానిపైననే ఆధారపడియున్నది.

హైదరాబాదునందలి హుస్సేన్‌సాగరపు అలుగునీరు నాలాగా అశోక్‌నగరము మీదుగా ప్రవహించి మూసీనదిని చేరును. చిక్కడపల్లి, నారాయణగూడ పేటలు దానికి సమీపముననే యున్నవి. 2000 ఆగష్టు 24వ తేదీన నగరమున ఒక్క దినమున 24 సెంటీమీటర్ల వాన కురియగా, నాలా పొంగి లోతట్టు ఇండ్లలో నీరు చొచ్చెను. ఏడాది పొడవున పొడిగానుండు వీధి ఒక్కరాత్రిలో కాలువయగుట యిట్లే.

కంప్యూటరు నేలనంతటిని చిన్నమడులుగా విభజించి, క్షణక్షణమునకు ప్రతిమడిలోని నీటిలోతును లెక్కించును. పారు నీటిని లోతుచేత భాగించినచో వేగము వచ్చును. అంచుమడిలో లోతు సున్నకు చేరువగుటచే వేగము అబద్ధముగా విపరీతమై, లెక్కయంతయు చెడును. అందుచేత ఒక హద్దు పెట్టి, అంతకు తక్కువ లోతుగల మడిని పొడిమడిగా నెంచుదురు.

అయితే ఆ కొద్దినీటిని కొట్టివేయరాదు. ప్రక్కకు పది మీటర్లుగల మడిలో ఒక సెంటీమీటరు నీరనగా వేయి లీటర్లు. అట్టి మడులు వేయియున్నచో పదిలక్షల లీటర్లు లెక్కనుండి మాయమగును! కావున నీటిని పారనీయక ఆ మడిలోనే నిలువచేసి, లోతు పెరిగినపుడు విడువవలయును. మడిలో నున్నదానికంటె ఎక్కువనీరు బయటికి పోయినట్లు వ్రాయరాదు. వ్రాసినచో లోతు సున్నకంటె తక్కువగును. ప్రక్కమడి నీటిమట్టము గట్టుకంటె పల్లముగా నున్నపుడు నీరు ఎగబ్రాకినట్లును చూపరాదు. మన సంఘపు చిట్టావలెనే రాకపోకలు, నిలువ సరిపోవలయును.

మీ యూరి చెరువు క్రింద గోదామునకు స్థలము నిర్ణయించునపుడు వరదపటము చూపినచో, మూడు ప్రశ్నలు అడుగుడు: వచ్చిన నీరు, పోయిన నీరు, నిలిచిన నీరు సరిపోయెనా? పొడి హద్దు ఎంత పెట్టిరి? మా గట్లు, తూములు పటమున నున్నవా? పూర్వపు వరద ఏ గోడవరకు వచ్చెనో పెద్దలచేత చూపించి, ఆ గుర్తును పటముతో పోల్చుడు. రెండును సరిపడనిచో, లెక్కను మరల చేయుమని కోరుటయే మేము చెప్పు హితవు.