గ్లాసులో మిగిలిన పాల లెక్క

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు పాలకు కరువు లేదు. తెల్లవారకముందే చైతన్యపురి, కొత్తపేట, వనస్థలిపురం సందుల్లో ప్యాకెట్ల ట్రేలు దిగుతాయి. విజయ డెయిరీ లాలాపేటలో ఉంది. నల్గొండ, రంగారెడ్డి పాల రైతుల మదర్ డెయిరీ హయత్‌నగర్‌లోనే ఉంది. అయినా బడి గేటు లోపలికి పాలు పెద్దగా వెళ్లలేదు. ప్రభుత్వ బడుల్లో 2003లో మొదలైన మధ్యాహ్న భోజనం అన్నం, పప్పు, కూర, గుడ్డు చుట్టూనే తిరిగింది. 2023-24లో రాగిజావ వచ్చి చేరింది. ప్రైవేటు బడుల పిల్లలు పొద్దున ఇంట్లో బూస్టో బోర్న్‌విటానో కలిపిన గ్లాసు సగం తాగి ఆటో ఎక్కుతారు. బడిలో పాలు ఇవ్వాలన్న మాట వచ్చినప్పుడల్లా ఖర్చు ఎంత, సరఫరా ఎవరిది అన్న దగ్గరే చర్చ ఆగిపోతుంది. అసలు తాగాల్సిన వాళ్లకు ఏ పాలు ఇష్టమో ఎవరూ అడగరు. బడి పాల పథకాలు గెలిచేదీ ఓడేదీ అక్కడేనని నా వాదన.

లెక్క చూద్దాం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు గానీ పెరుగు గానీ తీసుకోమంటాయి. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజూ 650 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, పది నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 850. 200 మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 240 మిల్లీగ్రాములు దొరుకుతుంది. అంటే చిన్నవాళ్లకు మూడో వంతు పైన, పెద్దవాళ్లకు పావు వంతు పైన ఒక్క గ్లాసుతోనే తీరుతుంది. అయితే ఈ లెక్కంతా కడుపులోకి దిగిన పాలకే. కుళాయి దగ్గర పారబోసిన పాలు ఎన్ని లీటర్లు సరఫరా చేశామో చెప్పే రిజిస్టరులో ఉంటాయి, పిల్లల ఎముకల్లో ఉండవు.

మనకు దగ్గరి ఉదాహరణ కర్ణాటక. 2013 ఆగస్టు 1న అక్కడ బడి పిల్లలకు పాలిచ్చే క్షీరభాగ్య పథకం మొదలైంది. అక్కడి సహకార డెయిరీల నందిని పాలు అమ్ముడుపోక మిగిలిపోవడమూ దానికి ఒక కారణం. ఒక్కొక్కరికి 18 గ్రాముల పాలపొడి, దాంతో కలిపిన 150 మిల్లీలీటర్ల పాలు. మొదట వారానికి మూడు రోజులు ఇచ్చారు, తర్వాత ఐదు రోజులకు పెంచారు. బాగేపల్లి, పావగడ తాలూకాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలూ ఆ పాలే తాగుతున్నారు. పాలపొడి నిల్వకు, రవాణాకు ఎంతో సులువు. నాలుకకు మాత్రం అంత సులువు కాదు. నీళ్లలో సరిగా కలవకపోతే ఉండలు కడుతుంది, పాతబడితే వాసన వస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి వారంలో మూడు రోజులు ఆ పాలల్లో రాగి మాల్ట్ కలుపుతున్నారు. నా దృష్టిలో ఇది పాలపొడి కన్నా మంచి ఆలోచన. రుచి మారుతుంది, రాగిలోని కాల్షియమూ తోడవుతుంది.

పిల్లలు వద్దనేది చాలాసార్లు పాలను కాదు, వాటిని ఇచ్చిన తీరును. పెద్ద గిన్నెలో ఇరవై ముప్పై లీటర్లు కాస్తే అడుగంటి మాడు వాసన పట్టుకుంటుంది, పైన మీగడ తొరక కడుతుంది. ఆ తొరక పెదవికి తగిలితే గ్లాసు పక్కన పెట్టేసే పిల్లలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఇక వేడి. పొగలు కక్కే పాలు స్టీలు గ్లాసులో పోసి పది నిమిషాల విరామం ఇస్తే, చల్లారేలోపే గంట కొడతారు. అప్పుడు పిల్లవాడి ముందున్నవి రెండే దారులు: నోరు కాల్చుకోవడం, పారబోయడం. మన ఇళ్లలో గేదెపాల చిక్కదనానికి అలవాటుపడిన నాలుకకు డబుల్ టోన్డ్ పాలు నీళ్లలా అనిపించడమూ సహజమే. దాంట్లో వెన్న 1.5 శాతమే, ఫుల్‌క్రీమ్‌లో 6 శాతం. బ్రిటన్‌లో 1946 నుంచి బడి పిల్లలందరికీ పావు లీటరు కన్నా తక్కువ పట్టే చిన్న సీసాల్లో పాలు ఉచితంగా ఇచ్చారు. ఎండలోనో హీటరు పక్కనో పెట్టిన క్రేట్లలో అవి వెచ్చబడి రుచి చెడేవి. ఆ తరంలో ఎందరికో పాలంటే జన్మకు సరిపడా విరక్తి పుట్టింది. పథకం మంచిదే, క్రేటు పెట్టిన చోటే తప్పు.

పిల్లల ఇష్టమే చూస్తే చివరికి చాక్లెట్ పాలే మిగులుతాయి, చక్కెర పెరుగుతుంది అని ఎవరైనా అడ్డుచెబితే, అది తోసిపుచ్చాల్సిన మాట కాదు. లాస్ ఏంజెలెస్ బడులు 2011లో ఈ భయంతోనే ఫ్లేవర్డ్ పాలను తీసేశాయి. ఐదేళ్లకు, 2016లో, కొన్ని బడుల్లో వాటిని తిరిగి పెట్టి చూద్దామని బోర్డు తీర్మానించింది. మన దగ్గర సీబీఎస్ఈ 2025 మేలో బడుల్లో అతి చక్కెర ముప్పును పిల్లలకు చెప్పే 'చక్కెర బోర్డులు' పెట్టమంది. 2024 ఏప్రిల్‌లో కేంద్రం బోర్న్‌విటా వంటి వాటిని 'హెల్త్ డ్రింక్' విభాగంలో అమ్మొద్దని ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. రోజుకు 1,700 కిలో కేలరీలు కావాల్సిన ఎనిమిదేళ్ల బిడ్డకు చక్కెర హద్దు అందులో 5 శాతం అనుకుంటే, అది 21 గ్రాములు, సుమారు నాలుగు చెంచాలు. ఒక గ్లాసు పాలల్లో ఒక చెంచా వేసి, ఏలకుల పొడి చల్లితే ఆ హద్దు దాటదు. నెలలు గడిచేకొద్దీ ఆ చెంచానూ తగ్గించొచ్చు. ఒకే రుచిని పదేపదే, బలవంతం లేకుండా రుచి చూపిస్తే పిల్లలు దానికి అలవాటు పడతారని ఆహారపు అలవాట్ల మీద జరిగిన పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. కాకపోతే అలవాటు కావాలంటే మొదటి గుక్క వాంతి తెప్పించేది కాకూడదు.

పాలు పడని పిల్లల సంగతి వేరు. పాలలోని చక్కెరను అరిగించే శక్తి వయసుతో తగ్గడం దక్షిణాదివాళ్లలో చాలామందికి ఉంది. ఒక గ్లాసు, అదీ తిండితో పాటు, చాలామందికి ఇబ్బంది కాదు. అయినా కడుపు ఉబ్బరిస్తోందన్న బిడ్డ మాట మొండితనంగా కొట్టిపారేయకూడదు. వాళ్లకు పెరుగన్నం పెట్టొచ్చు, పెరుగులోనూ అదే కాల్షియం ఉంటుంది.

ఎల్బీనగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో మీ పిల్లల బడి పాలు మొదలుపెడతామంటే సంతోషించండి, కానీ మీటింగులో నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ రకం పాలు? చక్కెర ఎన్ని గ్రాములు? గ్లాసు పిల్లల చేతికి వచ్చేసరికి ఎంత వేడిగా ఉంటుంది? తాగడానికి ఎన్ని నిమిషాలు? మొదటి నెలంతా గ్లాసుల్లో మిగిలిన పాలను ఒక బకెట్‌లో పోయించి, ఎన్ని లీటర్లు మిగిలాయో రోజూ నోటీసు బోర్డు మీద రాయించండి.