అమ్మమ్మ కంటికి అందేవి.. అందనివి

విరేచనాలు పట్టుకున్న పసిబిడ్డను ఎత్తుకోగానే అమ్మమ్మ చెయ్యి మాడు మీదకు వెళ్తుంది. అక్కడ గుంట పడిందా, నాలుక పొడిబారిందా, ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయా, పొద్దుటి నుంచి ఎన్నిసార్లు మూత్రం పోశాడు.. ఇవీ ఆమె చూసేవి. ఒంట్లో నీరు తగ్గిందేమో తెలుసుకోవడానికి పిల్లల డాక్టరు చూసేవీ దాదాపు ఇవే.

ఇది ఆమెకు ఎవరూ పాఠంలా చెప్పలేదు. ఒకప్పటి ఉమ్మడి ఇళ్లలో తరచూ ఏదో ఒక పురుడు ఉండేది. అత్తగారు లాలపోస్తుంటే పక్కన నీళ్లు అందిస్తూ చూసింది. తర్వాత తోడికోడళ్ల పిల్లలకు, తన పిల్లలకు తనే పోసింది. పెట్టింది పడిందో లేదో ఆ రాత్రికే బిడ్డ ఏడ్చి చెప్పేసేది. అలా పదిమందిని సాకితే అబ్బిన నేర్పు అది. ఆఫ్రికాలోని గాంబియా గ్రామాల్లో 1950 నుంచి 1974 వరకు సేకరించిన వివరాలను పరిశోధకులు పరిశీలిస్తే, అమ్మమ్మ ఉన్న పసివాళ్లు బతికి బట్టకట్టే అవకాశం ఎక్కువని తేలింది.

చిక్కల్లా వెంటనే బయటపడని వాటితోనే. తేనె సంగతి చూడండి. పుట్టగానే నాలుకకు తేనె రాసిన పిల్లల్లో చాలామందికి ఏమీ కాదు. కానీ తేనెలో ఉండగల ఒక బ్యాక్టీరియా వల్ల ఏ కొద్దిమందికో కండరాలు చచ్చుబడే బోటులిజం జబ్బు వస్తుంది. అలాంటి బిడ్డను జన్మలో చూడని అమ్మమ్మ ‘మేమంతా నాకించలేదా’ అనడంలో వింతేమీ లేదు. అయినా ఏడాది నిండేదాకా తేనె వద్దు.

ముర్రుపాలదీ ఇదే కథ. పచ్చగా, జిగటగా ఉన్నాయని పిండి పారబోసేవారు. వాటిలోని రోగనిరోధక శక్తి కంటికి కనపడదు కదా! బిడ్డ పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టాలి. ఆరు నెలల దాకా అవే చాలు. వస, ఉగ్గు అక్కర్లేదు. ఒంటికి నూనె రాయడం మంచిదే కానీ ముక్కులో చుక్కలు వేస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా రావచ్చు. పొట్ట పెరుగుతుందని బాలింతకు నీళ్లు తగ్గించడమూ సరికాదు. పాలిచ్చే తల్లి దాహం వేసినప్పుడల్లా తాగాలి.

ఉప్పు వేసిన గంజి విషయంలో మాత్రం అమ్మమ్మదే పైచేయి. 1971లో బంగాం శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి ఎందరినో కాపాడారు. గ్లూకోజు తోడుంటే పేగులు ఉప్పును, నీటిని త్వరగా పీల్చుకుంటాయి. గంజిలోని పిండి పదార్థం అరిగినా వచ్చేది గ్లూకోజే. అయితే విరేచనాలప్పుడు కడుపు మాడ్చాలన్న మాట వినొద్దు. ఓఆర్‌ఎస్ ఇస్తూనే పాలు, తిండి కొనసాగించాలి. ఆరు నెలలు నిండని బిడ్డకు గంజి వద్దు, తల్లిపాలు, ఓఆర్‌ఎస్ చాలు.

ఇప్పటి అమ్మమ్మల్లో చాలామంది పెంచింది ఒకరిద్దరినే. కూతురి పురుడు కోసం అమెరికా విమానమెక్కేటప్పుడు పెట్టెలో కాయం డబ్బా, ఫోనులో వాట్సాప్ చిట్కాలూ వెంట వెళ్తున్నాయి. ఆమె చేత్తో చేసి నేర్చుకున్నదేదో, నిన్న ఎవరో పంపినదేదో అడిగి తెలుసుకోవడం తప్పు కాదు.

డాక్టరు దగ్గరికి ఆమెనూ తీసుకెళ్లండి. జ్వరం ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు పాలు తాగాడు వంటివి ఆమెకే బాగా గుర్తుంటాయి. మాడు గుంట పడినా, బిడ్డ పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా చిట్కాలతో ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.