వింత ప్రశ్నల పరీక్ష

ఉద్యోగము కోరి పరీక్షకుల యెదుట కూర్చున్నవాడు, చేయబోవు పనితో పొత్తులేని ప్రశ్నను ఎట్లు గ్రహింపవలెను?

అమెరికాలో థామస్ ఎడిసన్ తన సంస్థకు వచ్చిన పట్టభద్రులకు నూటికి పైగా ప్రశ్నలిచ్చెడివాడు. వోల్గా నది ఎచ్చట నున్నది? ఫ్రాన్సు సరిహద్దు దేశము లేవి? పెక్కురు తప్పిరి. 1921లో ఈ ప్రశ్నలు పత్రికల కెక్కి చర్చ చెలరేగినది. జ్ఞప్తి లేనివాడు సకాలమున నిర్ణయము చేయజాలడని ఎడిసన్ వాదము. ఆ యేడే బోస్టనుకు వచ్చిన ఐన్‌స్టయిన్‌ను, అందులోనిదని చెప్పుచు, ధ్వనివేగ మెంతయని అడిగిరి. పుస్తకములలో సులభముగా దొరకు సంగతులను తాను మనసున మోయనని ఆయన బదులు చెప్పెను.

వింత ప్రశ్న మొదట తెలుపునది అడిగినవాని కొలబద్దను. తెలియనిది తెలియదని నిబ్బరముగా చెప్పి, తెలిసికొను త్రోవ చూపుటయు సమాధానమే. ఒక త్రాసున తూగనంత మాత్రమున అభ్యర్థి కుంగిపోనక్కరలేదు.