బెత్తమా... బుజ్జగింపా?

పిల్లల్ని కొట్టి దారిలో పెట్టాలా? ప్రేమతో నచ్చజెప్పాలా? క్రైస్తవ కుటుంబాల్లో తరతరాలుగా నలుగుతున్న ప్రశ్న ఇది.

పొద్దుగూకగానే టీవీ కట్టేసి, చాప పరిచి ఇంటిల్లిపాదీ కూర్చోవడం... ఓ పాట, బైబిల్లో ఓ అధ్యాయం, చిన్న ప్రార్థన. ఆదివారం సండే స్కూలు, వేసవి సెలవుల్లో వీబీఎస్. క్రైస్తవ ఇళ్లలో పిల్లల పెంపకమంటే ముందుగా కనిపించేవి ఇవే. మరి పిల్లాడు అబద్ధమాడితే? బడి ఎగ్గొడితే? అక్కడే అమ్మానాన్నలకు బైబిల్లోని బెత్తం గుర్తొస్తుంది.

కర్ర ఒకటే... పనులు రెండు

కొడుకును దండించడానికి వెనుకాడే తండ్రిది నిజమైన ప్రేమ కాదన్నది సామెతల గ్రంథం చెప్పే మాట. కొట్టడాన్ని సమర్థించేవారు చూపేది దీన్నే. అయితే అక్కడ బెత్తానికి హీబ్రూలో వాడిన మాట 'షేబెత్'. 23వ కీర్తనలో కాపరి చేతికర్రకూ అదే మాట. తెలుగు బైబిల్లో దాన్ని దుడ్డుకర్ర అన్నారు. భుజాన గొంగడి, చేతిలో కర్రతో మందను తోలుకెళ్లే గొల్లకురుమలను చూసినవారికి వేరే చెప్పాలా? ఆ కర్ర గొర్రెను బాదడానికి కాదు, దారి మళ్లించడానికీ తోడేలును తరమడానికీ! అందుకే ఆ వాక్యాన్ని కొట్టమన్న ఆజ్ఞగా కాక, దారి చూపమన్న బాధ్యతగా చదివేవారూ ఉన్నారు. పిల్లలకు కోపం పుట్టించవద్దనీ వాళ్ల మనసు కుంగిపోనివ్వద్దనీ ఎఫెసీ, కొలొస్సయి పత్రికలు తండ్రుల్ని హెచ్చరిస్తాయి.

గురువారం జాన్‌ది!

రాజీవ్ రహదారి పక్కనున్న ములుగు ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్నా, 2016 దాకా మెదక్ జిల్లాలోదే. ఆ మెదక్‌లో 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన కెథెడ్రల్‌ను కట్టించింది వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్. ఆ సంఘానికి మూలపురుషుడు జాన్ వెస్లీ. ఆయన తల్లి సుసన్నా 19 మందిని కంటే, 9 మంది పసితనంలోనే పోయారు. మిగిలినవారికి ఇంట్లోనే చదువు చెప్పిన ఆమె, తన పెంపకం పద్ధతిని 1732లో కొడుక్కి ఉత్తరంలో రాసింది.

ఆమె బెత్తం పట్టని తల్లేమీ కాదు. ఏడాది నిండేసరికే పిల్లలకు దాని భయం తెలియాలనుకుంది. ఈ మాట నేటి తల్లిదండ్రులకు మింగుడుపడదు. కానీ ఆమె పెట్టుకున్న నియమాలు చూడండి. తప్పు ఒప్పుకుని, మళ్లీ చేయనన్న బిడ్డను కొట్టకూడదు. దెబ్బల భయమే పిల్లలకు అబద్ధాలు నేర్పుతుందని ఆమె గ్రహించింది. ఒక తప్పుకు రెండుసార్లు శిక్షించకూడదు, దిద్దుకున్నాక ఎత్తిపొడవకూడదు. మంచిపని చేస్తే మెచ్చుకోవాలి. ఆడపిల్లకు బాగా చదవడం వచ్చేదాకా పని నేర్పకూడదు! అంతమందిలోనూ ఒక్కొక్కరితో విడిగా మాట్లాడేందుకు వారంలో ఓ రోజు కేటాయించింది. గురువారం జాన్‌ది.

చట్టం ఏమంటోంది?

2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. దాని ప్రకారం టీచరైనా బెత్తం ఎత్తడానికి వీల్లేదు. బిడ్డ బాధ్యత చూసేవారే హింసిస్తే మూడేళ్ల వరకూ జైలు లేదా లక్ష రూపాయల జరిమానా లేదా రెండూ విధించవచ్చని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. స్వీడన్ అయితే 1979లోనే ఇళ్లలోనూ పిల్లల్ని కొట్టకూడదంది.

అలాగని క్రమశిక్షణ వద్దని కాదు. కోపం చల్లారాకే మాట్లాడటం, చేసిన తప్పేంటో బిడ్డతోనే చెప్పించడం, క్షమించాక ఆ సంగతి మళ్లీ తవ్వకపోవడం... ఇవన్నీ ఏ మతం వారికైనా పనికొచ్చేవే. పెద్దలు తప్పు చేసినప్పుడు పిల్లల్ని క్షమాపణ అడగడం కూడా! క్షమ గురించి వంద వాక్యాలు కంఠతా పెట్టించినా, దాన్ని పిల్లలు నేర్చుకునేది మాత్రం అమ్మానాన్నల్ని చూసే.